చెర్వుగట్టు మీద పొద్దుగూకే వేళ

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద నార్కట్‌పల్లి అనే బోర్డు చూడనివాళ్లు ఉండరు. చూసి ఆగేవాళ్లు మాత్రం తక్కువ. ఆగినా టీ తాగడానికో, నల్గొండ మీదుగా అద్దంకి రోడ్డు పట్టుకోవడానికో ఆగుతారు. ఇక్కడ కూడలిలో కుడిచేతి వైపు తిరిగి నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే చెర్వుగట్టు ఉంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో జడల రామలింగేశ్వరుడి పేరు తెలియని ఇల్లు ఉండదు. కానీ ఇన్‌స్టాలో వెతికితే పెళ్లిబట్టల సెల్ఫీలు, బ్రహ్మోత్సవాల రీల్స్ తప్ప ఆ గుట్ట మీది సాయంత్రం కనిపించదు. ఆ సాయంత్రం కోసమే వెళ్లాను.

ముందే ఒక మాట. దీన్ని ట్రెక్ అంటే హిమాలయాల బ్యాచ్ నవ్వుతారు. కొండకు మెట్లున్నాయి, పైదాకా ఘాట్ రోడ్డు కూడా ఉంది. బైక్ మీద పది నిమిషాల్లో పైన ఉండొచ్చు. అయినా మెట్ల దారిలోనే ఎక్కండి. గుట్టను దగ్గర్నుంచి చూసేది ఆ దారిలోనే. అన్నట్టు మా వైపు ‘గట్టు’ అంటే చెరువు కట్ట, ‘గట్టు’ అంటే కొండ కూడా. చెర్వుగట్టులో రెండూ ఉన్నాయి, ఏది ముందో మీరే అనుకోండి.

ఎలా వెళ్లాలంటే: దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో నల్గొండ బస్సు ఎక్కితే, నార్కట్‌పల్లి దాటాక ఎల్లారెడ్డిగూడెం దగ్గర దిగొచ్చు. అక్కడి నుంచి గుట్టకు ఆటోలు దొరుకుతాయి. మొత్తం రెండు, రెండున్నర గంటల ప్రయాణం. సంక్రాంతి సెలవుల్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు.

నేను వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే, సంక్రాంతి తర్వాత వచ్చిన అమావాస్యకి. తేదీ కావాలనే ఎంచుకున్నా. కారణాలు రెండు. ఒకటి ఆకాశం. అమావాస్య రోజు చంద్రుడు సూర్యుడితో పాటే అస్తమిస్తాడు కాబట్టి పొద్దుగూకాక వచ్చేది అసలైన చీకటి, చుక్కలు తీసుకోవచ్చు. పౌర్ణమికి వెళ్తే ఇంకో రకం పండగ. పడమర సూర్యుడు దిగుతుంటే తూర్పున చంద్రుడు లేస్తాడు, గుట్ట మీద నిలబడి రెండూ చూడొచ్చు. రెండో కారణం, చెర్వుగట్టుకు జనం వచ్చేది అమావాస్యకే. రాత్రంతా గుట్ట మీద నిద్ర చేస్తే రోగాలు పోతాయని, పట్టిన పీడ విడుస్తుందని నమ్మకం. అందుకే వేలమంది చాపలు, దుప్పట్లు పట్టుకుని వస్తారు. ఫొటోగ్రాఫర్‌కు చీకటి కావాల్సిన రాత్రీ, వాళ్లకు దేవుడు కావాల్సిన రాత్రీ ఒక్కటే కావడం నాకు తమాషాగా అనిపించింది.

సూర్యాస్తమయం టైమ్ ఫోన్‌లో చూస్తే తెలుస్తుంది. ఏ దిక్కున అనేది మాత్రం చాలామంది పట్టించుకోరు. పడమర అంటే పడమరే కదా అనుకుంటాం. మన అక్షాంశంలో జూన్ చివర్లో సూర్యుడు వాయవ్యం వైపు జరిగి, డిసెంబర్ చివర్లో నైరుతి వైపు జరిగి గూకుతాడు. ఈ రెండు చివరల మధ్య తేడా దాదాపు 50 డిగ్రీలు. అంటే వేసవిలో చూసి పెట్టుకున్న ఫ్రేమ్‌లో చలికాలం సూర్యుడే ఉండడు. టైమ్ కూడా అంతే. నవంబర్ చివర్లో సాయంత్రం 5:40కి అటూ ఇటూ, జూన్ చివర్లో 7కి ఇంకా పది నిమిషాలుండగా. జనవరి మధ్యలో ఇక్కడ ఆరింటికి కాస్త ముందే పని అయిపోతుంది. కాబట్టి నాలుగున్నరకి కింద మెట్టు మీద ఉండాలి.

అప్పటిదాకా ఖాళీగా ఎందుకని మధ్యాహ్నం నల్గొండ పక్కనున్న పానగల్లుకు వెళ్లాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడు వెళ్లినా ఆ నీడ కదలదు. ఏ స్తంభం నీడో వెతుక్కుంటూ మండపమంతా తిరుగుతారు జనం. ఏ ఒక్క స్తంభానిదీ కాదు. నేరుగా పడే ఎండతో కాకుండా, మండపం బయటి నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుగుతో, కొన్ని స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా నిలిచేలా కట్టారు. ఎండ ఎటు తిరిగినా చెదిరిన వెలుగు లోపలికి వస్తూనే ఉంటుంది, నీడ నిలబడే ఉంటుంది. ఫొటోగ్రఫీ మీద ఇష్టమున్నవాళ్లు సన్‌సెట్‌కు పరిగెత్తే ముందు ఈ గుడిలో ఒక గంట కూర్చోవాలని నా సలహా. వెలుగును ఇంత ఓపిగ్గా అర్థం చేసుకున్న మనుషులు మనకు తొమ్మిది వందల ఏళ్ల కింద ఉన్నారని తెలిస్తే, మన ప్రో మోడ్ మీద గర్వం కొంచెం తగ్గుతుంది.

ఇక గుట్ట. మెట్లు ఎక్కుతుంటే రెండు పక్కలా బండలే. కొన్ని ఏనుగంత, కొన్ని ఇల్లంత. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. పరశురాముడు క్షత్రియ సంహారం తర్వాత పాపం పోవడానికి 108 చోట్ల లింగాలు ప్రతిష్ఠించాడని, చివరిది ఇదేనని స్థలపురాణం. ఎంత తపస్సు చేసినా శివుడు పలకకపోతే కోపంతో లింగాన్ని గొడ్డలితో కొట్టాడట. స్వామి ప్రత్యక్షమయ్యాడు, లింగం మీద జడలు మిగిలాయి, అందుకే జడల రామలింగేశ్వరుడు. అలిగి దేవుణ్ణే కొట్టిన భక్తుడి కథ ఉన్న గుడి అంటే నాకు మొదటినుంచీ ఇష్టం.

గుడికి పైన మూడు గుండ్లు ఉన్నాయి. మూడు పెద్ద బండలు, వాటి మధ్య సన్నటి సందు. ఒక భుజం ముందు పెట్టి, ఊపిరి బిగబట్టి, అడ్డంగా జరుగుతూ పోవాలి. ఎంత లావు మనిషైనా భక్తి ఉంటే దూరిపోతాడంటారు. నా ముందు ఒక పెద్దాయన “శివ శివా” అంటూ దూరిపోయారు. నేను బ్యాక్‌ప్యాక్ తీసి చేత్తో పట్టుకుంటే తప్ప పట్టలేదు.

ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. దక్కన్‌లో ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గట్టిపడ్డ రాయికి అడ్డంగా, నిలువుగా పగుళ్లు ఉంటాయి. నీళ్లు ఆ పగుళ్లలోకి దిగి రాయిని తినేస్తాయి. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి మూలలే ముందు అరుగుతాయి. అలా చతురస్రంగా ఉన్న బండ లోపలే గుండ్రంగా మారుతుంది. తర్వాత పైనున్న మట్టి వానలకు కొట్టుకుపోయి గుండ్లు బయటపడతాయి. హైవే మీద చౌటుప్పల్, చిట్యాల దాటి వస్తుంటే ఇలాంటివి ఎన్ని కనిపిస్తాయో, సగం కోసిన గుట్టలు, క్రషర్ల దుమ్ము కూడా అంతే కనిపిస్తాయి. 250 కోట్ల ఏళ్ల పనిని కంకర చేయడానికి ఒక సీజన్ చాలు. చెర్వుగట్టు మీద దేవుడు ఉన్నాడు కాబట్టి మూడు గుండ్లు ఉన్నాయని నాకు గట్టి అనుమానం.

సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ఈ రాయిని చూడాలి. ఇందులో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. పగలంతా బూడిద రంగులో కనిపించిన బండ, ఎండ వాలగానే లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఎర్రబారుతుంది. మధ్యలో నల్లటి అభ్రకం రేకులు తళుక్కుమంటాయి. సూర్యుడు కిందికి వచ్చేకొద్దీ వెలుగు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దారిలో నీలం చెదిరిపోయి మనదాకా ఎరుపు, నారింజ మిగులుతాయి. ఈ ఎరుపు, ఆ గులాబీ రాయి కలిసే ఇరవై నిమిషాల కోసమే వచ్చింది.

ఫోన్‌తో తీసేవాళ్లకు నాలుగు మాటలు. ఒకటి, సూర్యుడి మీద ఆశ పెట్టుకోకండి. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. మామూలు 1ఎక్స్ కెమెరాలో 4,000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో తీస్తే అందులో సూర్యుడికి దక్కేది దాదాపు పాతిక పిక్సెళ్లు. కంటికి అంత పెద్దగా కనిపించినవాడు ఫొటోలో కందిగింజంత అవుతాడు. అందుకే ముందు బండనో, మనిషినో, గుడి గోపురాన్నో పెట్టుకుని సూర్యుణ్ణి వెనక ఉంచండి. టెలిఫొటో లెన్స్ ఉంటే దూరం జరిగి తీయండి, డిజిటల్ జూమ్ జోలికి వద్దు. ఎక్స్‌పోజర్ ఆకాశం మీద లాక్ చేసి కొంచెం కిందికి లాగండి, లేకపోతే ఫోన్ తెలివి ఉపయోగించి సాయంత్రాన్ని మధ్యాహ్నం చేసేస్తుంది. ఇంకోటి, సూర్యుడు దిగాక వెంటనే బ్యాగు సర్దొద్దు. మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. అంచు తాకిన దగ్గర్నుంచి పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు, ఆ తర్వాత వెలుగు ఉండేది ఇరవై నిమిషాలు. యూరప్ వాళ్ల వీడియోలు చూసి గంట సేపు సంధ్య ఉంటుందనుకుంటే మోసపోతారు. అన్నిటికంటే ముఖ్యం, ఫోన్‌కు చేతి తాడు కట్టుకోండి. గుట్ట మీద కోతులకు కొబ్బరిచిప్పకూ ఫోన్‌కూ తేడా లేదు.

మూడు గుండ్ల కింద ఒక చదును బండ మీద చోటు దొరికింది. కింద యాసంగి నాట్లు మొదలైనట్టున్నాయి. నీళ్లు కట్టిన మడులు అక్కడక్కడా అద్దం ముక్కల్లా ఉన్నాయి. ఒకటి నారింజ, దాని పక్కది వెండి, ఇంకోటి ఇంకా ఆకుపచ్చ. దూరంగా హైవే. పండక్కి ఆంధ్రా వెళ్లినవాళ్లంతా ఆ రోజే తిరిగొస్తున్నారు, హైదరాబాద్ వైపు కార్లు బారులు తీరి ఉన్నాయి. సూర్యుడు నైరుతి వైపు, మునుగోడు, మర్రిగూడ ఉండే దిక్కుకు దిగుతున్నాడు.

అప్పుడొచ్చాడు తాత. కర్ర పట్టుకుని, ఒక్కో అడుగు కొలిచినట్టు వేస్తూ. నా పక్కన ఆగి అడిగాడు.

“ఏం దీస్తున్నవ్ బిడ్డా?”

“పొద్దుగూకేది తాతా.”

“పొద్దు రోజు గూకుతది గదా.”

“అవును తాతా, ఇక్కడ మంచిగ కనిపిస్తదని.”

ఆయన కూడా చూద్దామని తిరిగాడు. తల తిప్పలేదు, మొత్తం ఒళ్లు తిప్పాడు. కాళ్లు జరిపి, కర్ర జరిపి, నడుము, భుజాలు, మెడ అన్నీ కలిపి ఒక్క తలుపు తిరిగినట్టు తిరిగాడు. నల్గొండ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెప్తున్నా: ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసలు, మెడ బిగుసుకుపోతాయి. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి.

ఇందాక చెప్పిన రాయి సంగతే మళ్లీ. సాయంత్రం తళుక్కుమనే ఆ అభ్రకంలోనూ, గ్రానైట్‌లోని మరికొన్ని ఖనిజాల్లోనూ ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువ, చెరువులు ఎండుతాయి, బోర్లు లోతుకు పోతాయి. లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిల్వ ఉన్న నీళ్లలోకి అది కరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దాన్ని దాటిన నీళ్లు తరాల పాటు తాగిన ఊళ్లు ఈ గుట్ట చుట్టూ ఉన్నాయి. ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు వంగుతాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఊరి పేరు ప్రపంచానికి తెలియడానికి ఇంతకంటే మంచి కారణం దొరకలేదా అని బాధేస్తుంది.

నల్గొండకు కెమెరాలు కొత్త కాదు. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్లి, అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద పడుకోబెట్టి చూపించారు. మా తరానికి ఫ్లోరైడ్ అంటే గుర్తొచ్చేది ఆయన ఫొటోనే. 2023 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆ ఫొటోలు లేకపోతే నీళ్లు వచ్చేవి కావేమో. 2015లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో పెట్టారన్నా, నదీజలాలు ఇంటి నల్లాకు వచ్చాయన్నా, ఉదయ సముద్రం నుంచి నీళ్లు ఎత్తిపోసే బ్రాహ్మణ వెల్లెంల పథకం ఏళ్ల తరబడి సాగి 2024 డిసెంబర్‌లో మొదలైందన్నా, వాటి వెనక ఈ జిల్లా మనుషులు తమ ఒళ్లు చూపించి అడిగిన అడుగుడు ఉంది.

తాతది అటువైపు ఊరే. కర్రతో సూర్యుడి కిందికి చూపించాడు. “మాది గాడనే.” తర్వాత నా ఫోన్ వైపు చూసి అన్నాడు:

“మా ఊరికి గీ కెమెరాలు మస్తు వచ్చినయి. మోకాళ్లు దీసిండ్రు, పండ్లు దీసిండ్రు, కట్టె పట్టుకొని నడువుమని ఎనకకెల్లి దీసిండ్రు.”

“మీ ఫొటో మీకు ఇచ్చిండ్రా తాతా?”

“ఎవలిస్తరు? మొకం ఒక్కడు దీయలే.”

కోపంగా అనలేదు. వానలు పడలేదు అన్నట్టు అన్నాడు. నాకేం మాట్లాడాలో తోచలేదు. మొదటిసారి చూసినప్పుడు నా బుర్రలో మెదిలిన ఫ్రేమ్ కూడా అదే కదా: కర్ర, వంగిన నీడ, వెనక ఎర్రటి సూర్యుడు. సిల్హౌట్‌లో మొహం కనిపించదు. వెయ్యి లైకులు వచ్చే ఫొటో.

“నేను తీయనా తాతా, మొకం?”

“దీయి. మనుమరాలికి పంపాలె.”

ఆయన్ని సూర్యుడి వైపు తిప్పాను. తిప్పానంటే, తిరగమన్నాను, ఆయనే అడుగులు జరుపుకుంటూ తిరిగాడు. నేను సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాను. అంటే నేను దేనికోసం మూడు గంటలు ప్రయాణం చేశానో అది నా వెనక జరుగుతోంది. తాత మొహం మీద వెలుగు పడింది, అదే గులాబీ రాయి మీద పడ్డట్టు. తువ్వాల సర్దుకున్నాడు. నవ్వమంటే నవ్వలేదు, నోరు గట్టిగా మూసుకున్నాడు. ఎందుకో అప్పుడే అర్థమైంది, ఇంకోసారి అడగలేదు. ఆరు ఫొటోలు తీశాను. నాలుగోది బాగుంది. కళ్లు నేరుగా చూస్తున్నాయి, ఒక కంట్లో ఎర్రటి చుక్క ఉంది. జూమ్ చేసి చూస్తే అది సూర్యుడు.

వెనక్కి తిరిగేసరికి సూర్యుడు లేడు. చలికాలం ఇక్కడ దిగంతం దాకా మసక ఉంటుంది, భూమిని తాకకముందే అందులో కరిగిపోయాడు. తాత మనవరాలి నంబర్‌కు అక్కడే వాట్సాప్‌లో పంపాను. సిగ్నల్ ఒక్క గీతే ఉంది. రెండు టిక్కులు పడేదాకా తాత కదల్లేదు. నీలి టిక్కులు పడ్డాక “సూసిందా?” అని అడిగి, కర్ర తీసుకుని గుడి వైపు వెళ్లిపోయాడు. ఈ వ్యాసంతో పాటు ఆ ఫొటో వేయడం లేదు. అది వాళ్లింటిది.

తర్వాతి ఇరవై నిమిషాల్లో తీసినవే నాకు మిగిలిన ల్యాండ్‌స్కేప్‌లు. ఆకాశం కింది నుంచి నారింజ, పైన ఊదా. మడుల్లో నీళ్లు ఆకాశం కంటే ఒక్క క్షణం ఎక్కువ వెలిగినట్టు అనిపించింది. హైవే మీద హెడ్‌లైట్ల గీత. ట్రైపాడ్ మీద నైట్ మోడ్‌లో మూడు సెకన్లు పెడితే ఆ గీత తీగలా వచ్చింది.

ఏడు తర్వాత గుట్ట రూపమే మారిపోయింది. ఎక్కడ చూసినా పక్కలు. గుడి చుట్టూ, మంటపాల్లో, బండల మీద, మెట్ల పక్కన జనం. కొందరు ఇంటి నుంచి తెచ్చిన సద్దిమూటలు విప్పారు. ఒక తల్లి పదేళ్ల పిల్లాడికి స్వెటర్ తొడుగుతూ ఏదో బుజ్జగిస్తోంది, వాడు చూపు ఎక్కడో పెట్టి ఊగుతున్నాడు. పెళ్లయి ఏళ్లయినా పిల్లల్లేని జంటలు, మందులతో తగ్గనివాళ్లు, తగ్గినా నమ్మకం కుదరనివాళ్లు. నార్కట్‌పల్లిలోనే పెద్ద మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పగలు అక్కడ ఓపీ చూపించుకుని, సాయంత్రం ఇక్కడికి నిద్రకు వచ్చినవాళ్లు కూడా కనిపించారు. వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. నమ్మకాల మీద వాదన పెట్టుకునే చోటు కాదిది. పిల్లాడికి జ్వరం, ఫిట్స్ లాంటివి ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికే ముందు వెళ్లండి, దేవుడు ఎక్కడికీ పోడు.

నిద్రపోతున్న మనుషుల్ని తీయొద్దు. గర్భగుడిలో కెమెరా ఎత్తొద్దు. చుక్కల కోసం ఫోన్ పైకి పెడితే చాలు. కొండ మీద లైట్లు ఉంటాయి కాబట్టి గుండ్ల అవతలి వైపు, లైటు పడని చోట ట్రైపాడ్ పెట్టుకోవాలి. జనవరిలో ఏడు దాటేసరికి తూర్పు వైపు మృగశిర చుక్కలు బాగా పైకి వచ్చి ఉంటాయి, మధ్యలో మూడు వరసగా. పల్లెల్లో వాటిని గుర్తుపట్టని ముసలివాళ్లు ఉండరు.

నేను తొమ్మిదింటికి దిగాను. దిగేటప్పుడు టార్చ్ ఆర్పుకుంటూ, వెలిగించుకుంటూ రావాల్సి వచ్చింది, మెట్ల పక్కన పడుకున్నవాళ్ల కళ్లలో పడకుండా. ఎదురుగా ఇంకా జనం ఎక్కుతూనే ఉన్నారు. నార్కట్‌పల్లి కూడలిలో హైదరాబాద్ బస్సుకు గంటన్నర నిలబడ్డాను, పండగ రద్దీ కదా, వచ్చినవన్నీ నిండే వచ్చాయి. మాఘంలో బ్రహ్మోత్సవాలకు, అగ్నిగుండాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఆ రద్దీ ఇంకో పది రెట్లు అనుకుని బయల్దేరండి. ఫొటోల కోసమే అయితే మామూలు వారం మధ్యలో, వాన కురిసి వెలిసిన సాయంత్రం బెస్టు. దుమ్ము కడిగేసి ఉంటుంది, సూర్యుడు చివరిదాకా కనిపిస్తాడు.